అక్క గొంతుకు వెయ్యి రెట్లు

నేను ఇప్పటికీ లెక్కలు కన్నడంలోనే చేస్తాను. మాది కన్నడ దేశం అంచున తెలుగు మాట్లాడే ఊరు. ఇస్కూల్లో మగ్గి, అంటే ఎక్కాలు, కన్నడంలో బట్టీ పట్టించినారు, నోరు అట్లే తిరిగిపోయింది. తిట్లు మాత్రం తెలుగులోనే వస్తాయి. ఆ ఏడు శ్రావణం ముందర మా ఇంటి ముందు గదిలో ఈ రెండు భాషలూ పొద్దస్తమానం వినపడతా ఉంటే, మా ఆడామె వంటింట్లో నుంచే "ఇప్పుడు తప్పింది లెక్కా, తీగా?" అని అడిగేది. కన్నడం ఎక్కువగా వినపడితే లెక్క కుదరలేదని, తెలుగు ఎక్కువైతే కరెంటు కొట్టిందని కనిపెట్టేసింది మహాతల్లి.

ఆ గోలంతా ఒక యాంప్లిఫయరు కోసం. దాని ముందు భాగం వాల్వు, వెనక భాగం ట్రాన్సిస్టరు. వాల్వు అంటే పాత రేడియోల్లో ఉండే గాజు బుడ్డి, కరెంటు ఇస్తే లోపల ఎర్రగా వెలుగుతాది. ఈ కాలంలో అట్లాంటిది ఎవరు చేస్తారప్పా అంటే, నేను చేస్తాను. నాకు తిక్క ఎక్కువని ఊరంతా తెలుసు, కొత్తగా దాచుకునేది ఏం లేదు.

అయితే ఈ పని తిక్కతో మొదలుపెట్టింది కాదు. మా అక్క కోసం మొదలుపెట్టింది.

మా అక్క నాకంటే పెద్దది. మేనమామ కొడుక్కే ఇచ్చినారు కాబట్టి ఊరు దాటి పోలేదు, మా వీధిలోనే చివరి ఇల్లు. బావ గొర్రెలు మేపుతాడు. అక్క మా ఊరి కోలాటానికి పాట పాడే మనిషి. నడిమధ్యన తాళాలు పట్టుకొని నిలబడి ఆమె ఒక వరస పాడితే, చుట్టూ తిరిగే ఆడోళ్లు కోలలు కొడతా అందుకోవల్ల. ఆమె గొంతు ఎట్లాంటిదంటే, గడప మీద నిలబడి "ఓ సామీ, అన్నం సల్లారిపోతాంది!" అని ఒక్క కేక వేస్తే రెండు చేన్ల అవతల ఉన్న బావ కట్టె చంకలో పెట్టుకొని లేచేవాడు. ఆయనతో పాటు ఇంకో నలుగురు మొగోళ్లు కూడా మాకే అనుకొని లేచేవాళ్లని మేము ఎగతాళి చేసేవాళ్లం.

అట్లాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసినారు. ప్రాణానికి ఏం కాలేదు, ఆ మటుకు దేవుడు చల్లగా చూసినాడు. గొంతు మాత్రం మళ్లీ రాలేదు. మాట పలుకుతాది, శ్రుతి తప్పదు, కానీ గాలి ఎక్కువ, శబ్దం తక్కువ. పక్కన కూర్చున్నోళ్లకు వినపడతాది, గడప దాటదు. ఇంతేనమ్మా, ఇంక పెరిగే ఆశ పెట్టుకోవద్దు అని డాక్టరు చెప్పేసినాడు. ఆ తర్వాత బావను అన్నానికి పిలవాలంటే ఆమె గడప మీద నిలబడి గంటెతో పళ్లెం కొట్టేది.

ఉగాదికి పావగడ నుంచి బాడుగ మైకు సెట్టు తెప్పించి, ఆంజనేయుని గుడి ముందర అక్కను పాడమన్నారు. అందరికీ కలిపి కడ్డీ మీద ఒకటే మైకు. అక్క గొంతు కంటే ముందు కోలల చప్పుడు దూరింది అందులో. "అమ్మా, గట్టిగా పాడండి" అన్నాడు సెట్టు వాడు. గట్టిగా పాడేది ఉంటే నీతో ఏం పనిరా నాయనా! వాడు ఇంక చేసేది లేక సౌండు పెంచే బిరడా తిప్పుతా పోయినాడు. బుస్సుమనింది, తర్వాత కీచుమని కూత పెట్టింది. జనం చెవులు మూసుకున్నారు. మూసుకున్నోళ్లు మూసుకున్నారు, కొంతమంది నవ్వినారు. అక్క తాళాలు గుడి మెట్టు మీద పెట్టి, కొంగు సర్దుకొని, ఎవరి మొగమూ చూడకుండా ఇంటికి పోయింది.

నేను వెనకాలే పోయినాను. బతిమాలినాను, కోప్పడినాను, రెండూ పని చెయ్యలేదు. చివరికి ఆమె నన్ను వదిలించుకునేకి ఒక మాట అనింది.

"ఊరి పాత మైకు సెట్టు గుర్తుండాదా తమ్ముడా నీకు? పెండ్లి కాకముందు దాంట్లో పాడినా. నా గొంతు నాకే ఎంత మెత్తగా వినపడేదో. అట్లాంటిది తెస్తే పాడతాలే పో."

ఆ సెట్టు ఎప్పుడో కాలిపోయిందని ఆమెకు తెలుసు. దొరకదు కాబట్టే అడిగింది. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను. "తెస్తే పాడతావు గదా? మాట తప్పకూడదు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "శ్రావణం ఆఖరి శనివారం. ఒక్క పాట పాడతా. ఆ పొద్దు కూడా ఉగాది మాదిరే అయితే, ఇంక నా ముందర కోలాటం మాట ఎత్తొద్దు. తాళాలు నిడుగల్లు కోలాటం గుంపుకు ఇచ్చేస్తా" అనింది. అక్క ఉత్తుత్తి మాట అనే మనిషి కాదు. ఇచ్చేస్తానంటే ఇచ్చేస్తాది.

నా పని గురించి ఇక్కడ చెప్పల్ల. వయసులో ఉన్నప్పుడు పావగడ బస్టాండు పక్కన ఒక రేడియో రిపేరు అంగట్లో పని నేర్చుకున్నాను. రేడియోలు పోయినాయి, బోరు మోటార్లు వచ్చినాయి, మోటారు వైండింగుకు మారినాను. తర్వాత మా క్యాతగానచెర్లు చేన్లన్నీ సోలారు పార్కుకు లీజుకు పోయినాయి. బోర్లన్నీ మూతబడినాయి. మోటార్లే తిరగనప్పుడు కాలిన మోటారు యాడ నుంచి వస్తాది? చేను ప్యానెళ్ల కింద, నేను తిన్నె మీద. చేతులకు పని లేని మనిషికి అక్క పని చెప్పింది అనుకోండి.

గుడి పక్క గదిలో మూలకు పడేసిన పాత సెట్టును బయటికి లాగినాను. ట్రాన్స్‌ఫార్మరు నల్లగా మాడిపోయి ఉండాది, పెద్ద వాల్వులు పగిలినాయి, లోపల ఎలకలు కాపురం పెట్టినాయి. మైకు దగ్గర ఉండే చిన్న వాల్వు ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. తుడిచి, ఇంటికి తెచ్చి, కరెంటు ఇస్తే ఎర్రగా వెలిగింది. ఓయమ్మా! నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క చిన్నప్పటి గొంతు ముందుగా తగిలింది ఆ గాజు బుడ్డికే. అది ముందర, మిగతాదంతా ట్రాన్సిస్టర్లతో కొత్తగా కడదామని ఆ పొద్దే అనుకున్నాను.

"మైకు సెట్లు ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంటికే వస్తాయి బామ్మర్దీ" అన్నాడు బావ. రెండు తెప్పించి చూసినాం కూడా. అక్క దగ్గర కూర్చొని మాట్లాడిస్తే ఆమె గాలి, దాని బుస, రెండూ ఒకటే అయిపోయినాయి. మనిషి ఏదో, యంత్రం ఏదో తెలీలేదు. వెనక్కి పంపించినాం.

సరే, ఎంత పెంచల్ల అనేది మొదటి లెక్క. అక్క గొంతుకు మైకులో నుంచి ఎంత వస్తాదో కొలవల్ల. పాడమంటే శనివారం దాకా పాడనని పంతం పట్టింది. అందుకని తిట్టించుకున్నాను. మైకు ఆమె మూతి దగ్గర పెట్టి, "నువ్వు చేసే కాఫీ ఏందక్కా, గొర్రెలు కూడా తాగవు" అన్నాను. చూడాల! ఆ సన్న గొంతుతోనే మా వంశం మొత్తాన్ని కడిగేసింది, తన వంశం కూడా అదే అని మరిచిపోయి. నేను మీటరు చూస్తా, "ఇంకా, ఇంకా" అంటాండాను. మంచి తిట్టుకు ఒక మిల్లీవోల్టు వచ్చింది. అంటే వోల్టులో వెయ్యో వంతు. స్పీకరును తోలే బోర్డుకు కావాల్సింది ఒక వోల్టు. కాబట్టి వెయ్యి రెట్లు. లోపలికి పోయింది ఎన్ని రెట్లయి బయటికి వస్తాదో దాన్నే మా పనిలో గెయిన్ అంటారు.

వైండింగుకు వాడే నల్ల బండ మీద సుద్దముక్కతో లెక్క కట్టినాను. ఈ వాల్వు ఎంత బాగా పెంచినా వంద రెట్లు. కానీ ఆ వందలో కొంత తనలోనే పోగొట్టుకుంటాది, దాని లోపల అరవై వేల ఓముల అడ్డం ఉండాది. బయట నేను పెట్టింది లక్ష ఓముల రెసిస్టరు. ఆ రెండూ పంచుకోగా చేతికి వచ్చేది అరవై చిల్లర. చిల్లర వదిలేద్దాం. దాని వెనక ట్రాన్సిస్టరు అంచె. పైన ఒక రెసిస్టరు, కింద ఒక రెసిస్టరు, దాన్ని దీంతో భాగిస్తే ఇరవై. అరవై ఇరవైలు పన్నెండు వందలు. కావాల్సింది వెయ్యి, వచ్చేది పన్నెండు వందలు. నా అంత మొగోడు ఈ తాలూకాలో లేడు అనుకున్నాను.

వాల్వుకు రెండు వందల వోల్టులు కావల్ల, ట్రాన్సిస్టరుకు పన్నెండు చాలు. ఇద్దరికీ ఒకే పెట్టెలో కాపురం కుదర్చడంలో నాకు రెండు మూడు సార్లు కరెంటు కొట్టింది. మా ఆడామె తలుపు దగ్గరికి వచ్చి, "చచ్చేది ఉంటే అన్నం తిని చావు, వండింది పారబోసేకి నా చేత కాదు" అనింది. ప్రేమే అది, వినేవాళ్లకు తెలీదు.

ముందు వాల్వు ఒక్కటే కొలిచినాను. ఒక మిల్లీవోల్టు ఇస్తే అరవై వచ్చింది. భేష్. ట్రాన్సిస్టరు ఒక్కటే కొలిచినాను. ఒకటికి ఇరవై. భేష్ రా నాయనా! సంబరంగా రెండూ కలిపి తీగ అతికి, మీటరు పెట్టినాను. వోల్టు దాటల్ల. దాటలేదు. వోల్టులో ఐదో వంతు కూడా రాలేదు.

మళ్లీ కొలిచినాను. విడిగా పెడితే ఇద్దరూ మంచోళ్లే. కలిపితే ఇద్దరూ పనికిమాలినోళ్లే. అతుకులు ఊడదీసి మళ్లీ వేసినాను. పావగడకు పోయి, కొండ కింద బజారంతా తిరిగి కొత్త ట్రాన్సిస్టర్లు తెచ్చి మార్చినాను. ఏం లాభం లేదు. ఇంకో ట్రాన్సిస్టరు అంచె తగిలిస్తే పెరుగుతాది గదా అని తగిలించినాను. పెరిగింది, దాంతో పాటు బుస కూడా పెరిగింది, బాడుగ సెట్టు మాదిరే. దాన్ని పీకి అవతల పారేసినాను. మా ఆడామె ఆ పొద్దు ఏం అడగలేదు, రెండు భాషలూ సమానంగా వినపడినాయంట.

శనివారం దగ్గర పడుతాంది. నిడుగల్లు గుంపు వాళ్లు కూడా ఆ పొద్దు వస్తారని కబురు వచ్చింది. అక్క తాళాలు తోమి, ఎండలో ఆరబెట్టి, గుడ్డలో చుట్టి పెట్టింది. పాడేకి తోమిందో, ఇచ్చేసేకి తోమిందో నాకు తెలీలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది. నిజం చెప్తాండాను, నాకు భయం పట్టుకుంది. నా మాట పోతాదని కాదు. ఆశ పెట్టింది నేను గదా, ఆ ఆశ పది మంది ముందర పగిలితే ఆమె ఇంక నాతో కూడా మాట్లాడదేమో అని.

తిక్క లేచి, ఒక మధ్యాన్నం అన్నీ అట్లే వదిలేసి సోలారు పార్కు కంచె పక్కన బావ గొర్రెలు ఉన్నకాడికి పోయినాను. ఆడ పార్కుకు ఇవ్వని నేల చెక్క ఒకటి మిగిలింది మాకు. పాత బోరు ఉండాది, దానికి సన్న పైపు, పక్కన మా నాయన కట్టిన సిమెంటు తొట్టి. తొట్టి పగుళ్లు పూడ్చేకి బావ నీళ్లు వదిలేసి ఉన్నాడు. గొర్రెలకు ఆ సన్న పైపు కిందనే నీళ్లు పట్టాల్సి వచ్చింది. ఒక గొర్రె మూతి పెడితే నీళ్లు దాని మొగం మీద చిందుతాండాయి. మంద అంతా వచ్చి మూతులు పెట్టేసరికి తడి కూడా కనపడలేదు.

"థూ, దీనెబ్బ, తొట్టి ఉన్న రోజుల్లో ఈ తన్నులాట లేదు బామ్మర్దీ" అన్నాడు బావ, గొర్రెలను కట్టెతో తోస్తా.

నేను నిలబడిపోయినాను.

మా సీమలో బోరు పడితే ఏం చేస్తారో చెప్పల్ల. నీళ్లు పైకి ఎగజిమ్మగానే ఊరంతా చేరుతారు. టెంకాయ కొడతారు. బోరు నోటి దగ్గరనే కొలిచి, "రెండించుల నీళ్లప్పా!" అని చంకలు ఎగరేస్తారు. మా నాయన కూడా ఎగరేసినాడు. ఆ రెండించులు నమ్మి చేనంతా శనక్కాయ పెట్టి, పైపులు పొడుగునా పరిచి, గేట్లన్నీ ఒకేసారి తెరిస్తే చివరికి కారింది ఉచ్చ మాదిరి. నీళ్లు యాడికి పోయినాయని మా నాయన బోరును, బోరు వేసినోన్ని, పైపులు అమ్మినోన్ని, అందరినీ తిట్టినాడు. ఎవరి తప్పూ లేదు. నోటి దగ్గర అడిగేవాళ్లు లేనప్పుడు కొలిచిన నీళ్లు వేరే, చేను మొత్తం నోరు తెరిచినప్పుడు పారే నీళ్లు వేరే. ఆ తర్వాతే ఈ తొట్టి కట్టినాడు. బోరు నిదానంగా తొట్టిలోకి పోసుకుంటాది, తొట్టిలో నుంచి ఇంకో మోటారు చేనుకు తోలుతాది. బోరుకు తొట్టి భారం కాదు, చేనుకు తొట్టిలో తక్కువ లేదు.

నేను చేసింది కూడా మా నాయన చేసిందే! వాల్వును నోటి దగ్గర కొలిచి చంకలు ఎగరేసినాను. ఆ పక్కన ట్రాన్సిస్టరు లేదు అప్పుడు. ట్రాన్సిస్టరు మూతి పెట్టినాక కొలవల్ల గదా! వాల్వు వోల్టులు ఎత్తగలదు, లాగితే మాత్రం ఇవ్వలేదు. ట్రాన్సిస్టరేమో లాగనిదే పని చెయ్యదు. మంద మొత్తం ఆ సన్న పైపు కింద నిలబడింది.

నేను గట్టిగా నవ్వినాను. బావ కట్టె పట్టుకొని రెండడుగులు వెనక్కి పోయినాడు. "ఏమైంది బామ్మర్దీ, ఎండ దెబ్బా?"

"తొట్టి కట్టు బావా, తొట్టి కట్టు!" అని బండి ఎక్కినాను. ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్విస్తా ఉంటాడు నలుగురినీ.

ఇంటికి వచ్చి బండ తుడిచి మళ్లీ లెక్క వేసినాను. ట్రాన్సిస్టరు మూతి ఏడు వేల ఓములకు లోపలే, అడ్డం ఎంత తక్కువైతే అంత ఎక్కువ లాగుతాది. దాన్ని వాల్వుకు తగిలిస్తే లక్ష ఓములు ఉన్నచోట వాల్వుకు కనపడేది ఆరు వేలు. లోపల అరవై వేల అడ్డం ఉన్నోడి చేతికి ఆరు వేలు ఇస్తే ఏం మిగులుతాది? అరవై రెట్లు కాస్తా తొమ్మిది అయింది. తొమ్మిది ఇరవైలు నూటా ఎనభై. మీటరు నాకు మొదటి నుంచి చెప్తాండింది సరిగ్గా అంతే! అబ్బా, ఆ అంకె బండ మీద కనపడినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకా ఏమీ బాగుకాలేదు, అయినా సరే. యంత్రం మొండికేసింది అనుకుంటిని, అది పాపం నిజం చెప్తాండింది.

ఇంక తొట్టి కావల్ల. దానికోసం యాడికీ పోవాల్సిన పని లేదు. ఆ చిన్న వాల్వులో ఒకే గాజు బుడ్డి లోపల రెండు వాల్వులు ఉంటాయి. నేను ఒకటే వాడతాండాను, రెండోది ఊరికే వెలుగుతాంది, నా మాదిరే తిన్నె మీద కూర్చొని. దాన్ని తిరగేసి కట్టినాను, పైనుంచి కాకుండా కింద కాలి నుంచి తీసుకునేటట్టు. అట్లా కడితే అది ఒక్క రెట్టు కూడా పెంచదు, ఇంకా కొంచెం తగ్గిస్తాది. వందకు తొంభై ఏడు. అయితే మొదటి వాల్వు నుంచి ఏమీ లాగదు, ట్రాన్సిస్టరు ఎంత లాగినా ఇస్తాది. తొట్టిలో నీళ్లు ఊరవు గదా, తొట్టి లేకుంటే చేను తడవదు. అరవైని తొంభై ఏడు పాళ్లకు దించి, ఇరవైతో పెంచితే వెయ్యిన్నూట అరవై చిల్లర. అతికినాను. మీటరు పెట్టినాను. వోల్టు దాటి, ఇంకో పదో వంతు పైన పోయి, కదలకుండా నిలబడింది.

నేను అరిచిన అరుపుకు మా ఆడామె చేతిలో పిండితోనే వచ్చింది. "మళ్లీ కొట్టిందా?" అంటాది. మైకు ఆమె చేతికి ఇచ్చినాను. ఆమె దాన్ని అటూ ఇటూ చూసి, నాకు వినపడదని, గొణిగింది: "ఈయన తిక్క ఎప్పుడు వదులుతాదో ఆ ఆంజనేయునికే తెలుసు." ఆ మాట తిన్నె మీద పెట్టిన స్పీకరులో నుంచి వీధి వీధంతా వినపడింది. బుస లేదు, కూత లేదు. ఎదురింటి ముసలామె "మాకూ తెలుసులే తల్లీ" అని బదులు చెప్పింది.

శనివారం వచ్చింది. పొద్దు ఇంకా బాగా ఉండంగానే గుడి ముందర జనం చేరినారు. మా ఆడోళ్లు ఒకే రంగు చీరలు, నిడుగల్లు వాళ్లు ఇంకో రంగు. స్పీకరును జనం వైపు, అక్కకు చాలా ముందర పెట్టి, మొగం అవతలికి తిప్పినాను, ఆమె గొంతు తిరిగి ఆమె మైకులోకి రాకుండా. మైకును కడ్డీకి కాదు, మెత్తని తీగతో అక్క చెంప పక్కన, పెదాలకు ఆనుకునేంత దగ్గరగా కట్టినాను.

స్విచ్చి వేసినాను. ఏం లేదు. వాల్వు వేడెక్కేదానికి కొంచెంసేపు పడతాది, ఆ సంగతి నాకు తెలుసు, జనానికి తెలీదు గదా. అక్క ఏదో పాట మొదలుపెట్టబోయి ఆగింది, నా వైపు చూసింది. ఉగాది మొగం అది. వెనక నుంచి ఎవడో, "ఏమప్పా, దేశానికంతా కరెంటు ఇచ్చే ఊరు, నీ పెట్టెకు రాలేదా?" అన్నాడు. నవ్వినారు. నాకు తిక్క లేచి, "నోరు మూసుకొని రవ్వంత నిలబడు, నిన్ను కన్నప్పుడు మీ అమ్మ కాచుకోలేదా?" అన్నాను. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వినారు.

ఆ నవ్వులోనే ఒక శ్వాస వినపడింది. ఒక మనిషి ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు, పెద్దగా, మెత్తగా, గుడి ముందరంతా పరుచుకుంది. నవ్వు ఆగిపోయింది. అది అక్క ఊపిరి. అక్క కూడా విని, ఉలిక్కిపడి చుట్టూ చూసింది, ఎవరిదా అని.

తర్వాత పాడింది. తానే కట్టుకున్న పాట, కొండ మీద మబ్బును కోలాటానికి రమ్మని పిలిచేది. పాత గొంతు కాదు అది, అబద్ధం చెప్పను. గాలి ఉండాది అందులో, ఒక గరుకు ఉండాది. కానీ ప్రతి మాటా చెవిలో చెప్పినట్టు వచ్చింది, అటు చివర కంచె దాకా, ఎండకు మెరుస్తాండే ఆ ప్యానెళ్ల వరసల దాకా పోయింది. నా కండ్లలో నీళ్లు తిరిగి మీటరు కూడా కనపడలేదు. కనపడాల్సిన పని కూడా లేదు అప్పుడు.

వరస అయిపోయింది. ఆడోళ్లు అందుకోవల్ల. ఎవరూ అందుకోలేదు. కోలలు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండాయి, అందరూ అక్క మొగమే చూస్తాండారు. నిడుగల్లు ఆమె ఒకతె కొంగుతో కండ్లు ఒత్తుకుంటాంది. అక్క ఒకసారి చూసింది, రెండుసార్లు చూసింది. ఆమెకు తిక్క లేచింది. మా వంశం గదా.

"ఏమే, నోర్లు తెరుచుకొని నిలబడినారు? సినిమానా ఇది? అందుకోండే!"

ఊరంతా వినపడింది ఆ తిట్టు. మళ్లీ వినపడింది, ఇన్నాళ్లకు! ఆడోళ్లు విరగబడి నవ్వి, కోలలు ఒక్కసారిగా కొట్టి అందుకున్నారు. ఆ చప్పుడు మీద కూడా అక్క గొంతు నీళ్ల మీద తెప్ప మాదిరి తేలుతానే ఉండాది. ఒక్క పాట అన్న మనిషి ఆపలేదు. రెండోది పాడింది, మూడోది పాడింది, నిడుగల్లు వాళ్లను కూడా వలయంలోకి లాగింది. కంచె పక్క నుంచి బావ కట్టె చంకలో పెట్టుకొని పరుగెత్తుకుంటా వచ్చినాడు. వెనక మంద మొత్తం. "నన్ను పిలిచిందా?" అని అడిగినాడు నన్ను, ఒగరుస్తా. ఇప్పుడు కాదు బావా, ఇంటికి పోయినాక పిలుస్తాదిలే అన్నాను. ఆయన తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు, చెమటే అనుకుందాం.

పాటల మధ్యన అక్క తాళాలు ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, నా వైపు తిరిగింది. ఊరంతా వింటా ఉంటే ఆ పెద్ద గొంతుతో అనింది:

"ఒరేయ్ తమ్ముడా, చెవులు పోతాండాయి. కొంచెం తగ్గించరా!"

నేను బిరడా మీద చెయ్యి పెట్టినాను. తగ్గించలేదు. నేనా తగ్గించేది!